తలుపు ఎటు తెరవాలి?

మా మేనల్లుడు ఈమధ్య కువైట్‌లో ఒక ఇంజనీరింగ్ కన్సల్టెన్సీలో చేరాడు. చేరిన వారానికే రాత్రిపూట ఫోను. "మామా, రేపు స్టేక్‌హోల్డర్ల మీటింగంట. మినిట్స్ నన్ను రాయమన్నారు. స్టేక్‌హోల్డర్లంటే ఓనరూ, వాళ్ళ మనుషులేనా?" అని.

నేనూ అలాగే అనుకుని పదేళ్ళు గడిపేశాను. 1992 చివర్లో రాజంపేట నుంచి కువైట్ వెళ్ళాను. పాలిటెక్నిక్ డిప్లొమా, రెండు రోట్రింగ్ పెన్నులు, ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు, అంతే నా ఆస్తి. ఇరాక్ సైన్యం వెళ్ళిపోయి అప్పటికి ఏడాదిన్నర దాటింది. ఊరంతా మరమ్మతులే కాబట్టి గీసేవాడికి పనికి కొదవ లేదు. ట్రేసింగ్ కాగితం మీద మొదలుపెట్టి, ఆటోక్యాడ్ నేర్చుకుని, చివరికి ఒక సెక్షన్‌కి పెద్దనై 2019లో తిరిగొచ్చేశాను. ఇరవై ఏడేళ్ళలో ఎన్ని విల్లాలు గీశానో, ఎన్ని లేబర్ క్యాంపులు గీశానో లెక్క రాసుకోలేదు. రాసుకోవాల్సిన లెక్క వేరే ఉందని తర్వాత తెలిసింది.

ఈ స్టేక్‌హోల్డర్ అనే మాటని మన పత్రికలు "భాగస్వామి" అని రాస్తాయి. తిరకాసంతా అక్కడే ఉంది. భాగస్వామి అంటే భాగం ఉన్నవాడు. గజం భాగం లేకపోయినా పొద్దస్తమానం ఆ ఇంట్లో నిలబడే మనిషిని ఏమని పిలవాలి? మేనల్లుడికి ఫోన్లో సగం చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

1. రానివాళ్ళ పేర్లు రాసుకో

కువైట్‌లో ఇంటి ప్లాను తేలేది ఆఫీసు మీటింగ్ రూములో కాదు, దివానియాలో. మన రచ్చబండ లాంటిదే, కాకపోతే ఎవరిది వాళ్ళింట్లోనే ఉంటుంది, పైన ఏసీ ఉంటుంది. గోడ వెంబడి పరుపులు, మధ్యలో ఖాళీ. ఓనరు, ఆయన అన్నదమ్ములు, మేనమామ, పక్కింటి పెద్దమనిషి అందరూ కూర్చుని గావా, అంటే అరబ్బీ కాఫీ, తాగుతూ ప్లాను తిప్పి తిప్పి చూస్తారు. ఆడవాళ్ళు అక్కడికి సాధారణంగా రారు. వంట చేసేవాళ్ళు, డ్రైవరు ఎలాగూ రారు. వాళ్ళు తెచ్చే గావా మాత్రం వస్తుంది.

నేను గీసిన ఒక విల్లా గురించి చెబుతాను. నాలుగు వందల చదరపు మీటర్ల జాగా. ప్రభుత్వం కువైటీ కుటుంబాలకి ఇచ్చే ప్లాట్లు చాలావరకు ఆ కొలతే. ముందు దివానియా, దానికి వేరే వీధి గుమ్మం. వెనకాల పెద్ద వంటిల్లు. మధ్యలో సన్నటి నడవా. మూడు రాత్రులు దివానియాలో కూర్చుని ఒప్పించాం. నడవాలోంచి దివానియాలోకి వెళ్ళే తలుపుని నడవా వైపుకి తెరుచుకునేట్టు గీశాను. లోపలికి తెరుచుకుంటే పరుపులకి అడ్డం వస్తుందని మేనమామ గారన్నారు. అందరూ తలూపారు, నేనూ ఊపాను.

ఏడాది తర్వాత సర్దాబ్‌లో, అంటే ఇంటి కింది గదిలో, నీరు ఊరుతోందంటే చూడటానికి వెళ్ళాను. పనిలో పనిగా నేను గీసిన తలుపునీ చూశాను. కింద జానెడు మేర రంగు ఊడిపోయి చెక్క బయటపడింది. పిల్లలు బంతితో ఆడినట్టున్నారు అనుకుని ఫోన్లో మా ఫోర్‌మన్‌తో తెలుగులో అదే అంటున్నాను. వెనకనించి ఒక ఆడగొంతు: "పిల్లోళ్ళు కాదన్నా. నేనే తన్నేది."

రాయచోటి దగ్గర పల్లె ఆమెది. ఆ ఇంట్లో వంట. రంజాన్ నెలలో గబ్గా రాత్రుళ్ళు, అంటే ఉపవాసం విడిచాక పొద్దుపోయి చుట్టాలకి పెట్టే విందులప్పుడు, మచ్బూస్ అన్నం, మాంసం పోసిన పెద్ద తాంబాళాలు వంటింట్లోంచి దివానియాకి మోయాలి. రెండు చేతులూ తాంబాళానికే సరిపోతాయి. తలుపేమో తన వైపుకి లాగాలి, అదీ పిడి కిందికి నొక్కి పట్టుకుని. అందుకని పక్కకి తిరిగి, మోచేత్తో పిడి నొక్కి, కాలి బొటనవేలు సందులో దూర్చి లాగి, తర్వాత తన్నేదట. "ఈ తలుపు గీసినోళ్ళు ఎప్పుడన్నా తాంబాళం మోసినారా అన్నా?" అని అడిగింది. గీసింది నేనేనని చెప్పే ధైర్యం నాకు రాలేదు.

అప్పటి నుంచి ప్రతి మీటింగు కాగితం వెనక రెండో జాబితా ఒకటి రాయడం మొదలుపెట్టాను: ఈ కట్టడంలో బతకబోతూ ఈ గదిలో లేనివాళ్ళెవరు? వంట మనిషి, డ్రైవరు, ఓనరు తల్లి, ఏసీ ఫిల్టరు కడిగేవాడు, చెత్త తీసేవాడు. ఆ జాబితా మొదటిదాని కంటే ఎప్పుడూ పొడుగ్గానే ఉండేది.

ఇంకో మాట. అడగడానికి మనుషులు దొరక్కపోతే అరుగుదల చూడు. ఎక్కడ రంగు ఊడింది, ఏ గోడ మీద చేతి జిడ్డు పట్టింది, ఏ కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టారు. కట్టిన ఇల్లు తన మీద ఫిర్యాదులు తానే రాసుకుంటుంది.

2. పేరున్నవాళ్ళకీ ఇదే దెబ్బ తగిలింది

మన ఒక్కరి తెలివితక్కువతనం అనుకుంటే కుంగిపోతాం కాబట్టి ఇది చెబుతున్నాను. చమురు డబ్బు వచ్చిన కొత్తలో, 1952లో, కువైట్ నగరానికి మాస్టర్ ప్లాన్ గీసింది మినోప్రియో, స్పెన్స్‌లీ, మాక్‌ఫర్లేన్ అనే ముగ్గురు ఆంగ్లేయులు. ఈరోజుకీ మనవాళ్ళు అడ్రసు చెప్పేటప్పుడు వాడే ఫస్ట్ రింగ్, సెకండ్ రింగ్ రోడ్లన్నీ ఆ ప్లాను సంతానమే. 1957లో పాత ఊరి మట్టి ప్రాకారం పడగొట్టి, దర్వాజాలు మాత్రం మిగిల్చారు. ముస్లిం ప్రపంచం గురించి తమకు పెద్దగా తెలియదని, తమకు తెలిసిన తరహా ఊరే వాళ్ళకీ ఇచ్చామని ఆ ముగ్గురిలో ఒకాయన తర్వాత ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం గొప్పే. అప్పటికి ఊరు కట్టేశారు.

నేను కళ్ళారా చూసింది సవాబిర్. నగరం నడిబొడ్డున, మెట్లు మెట్లుగా వాలినట్టుండే అపార్ట్‌మెంట్ల సముదాయం. గీసింది కెనడాకి చెందిన ఆర్థర్ ఎరిక్సన్, ప్రపంచం మెచ్చిన ఆర్కిటెక్టు. 1970ల చివర్లో ప్లాను, 1980ల మొదట్లో ఇళ్ళు. ఐదు వందల పైచిలుకు ఫ్లాట్లు, కువైటీ కుటుంబాల కోసం. గీతలో వంక పెట్టడానికి లేదు. కానీ కువైటీ కుటుంబం అంటే అమ్మ, నాన్న, పెళ్ళయిన కొడుకు, వచ్చేపోయే చుట్టాలు, దివానియాకి వేరే గుమ్మం, పనివాళ్ళకి వేరే గదులు. ఫ్లాటులో అవి ఎక్కడ పడతాయి? మెల్లగా ఓనర్లు విల్లాలకి వెళ్ళిపోయారు, ఫ్లాట్లు మనలాంటి బయటివాళ్ళకి అద్దెకు పోయాయి, బాగోగులు చూసేవాళ్ళు లేకపోయారు. 2019లో కూల్చేశారు. నేను ఊరికి తిరిగొచ్చే ముందు టాక్సీ ఆపి కాసేపు ఆ దుమ్ము చూశాను. నలభై ఏళ్ళు కూడా నిండని కాంక్రీటు అది.

మా ఆఫీసులో ఒక ఈజిప్షియన్ ఇంజనీరు ఉండేవాడు. సవాబిర్ మాట వస్తే చాలు, "మా హసన్ ఫతీకే తప్పలేదు" అనేవాడు. లక్సర్ దగ్గర, 1940ల్లో, గుర్నా పల్లెవాళ్ళని తరలించడానికి మట్టి ఇటుకలతో కొత్త గుర్నా అనే ఊరు కట్టిన మహానుభావుడు ఫతీ. సిమెంటు వద్దన్నాడు, పల్లె మేస్త్రీలనే పెట్టుకున్నాడు, అందమైన గుమ్మటాలు కట్టాడు. పల్లెవాళ్ళు కదల్లేదు. పాత ఊరు విడిచే ఇష్టమే వాళ్ళకి లేదు. పైగా గుమ్మటం సమాధులకి పెట్టేదని వాళ్ళ లెక్క. బతికుండగానే సమాధిలో ఎవరు పడుకుంటారు? పేదల మీద ప్రేమ ఉన్నవాడికే ఇలా జరిగిందంటే, ప్రేమ ఒక్కటీ సరిపోదన్నమాట. "మీకు అక్కడికి వెళ్ళాలని ఉందా?" అన్న ప్రశ్న గోడలు ఎలా ఉండాలన్న ప్రశ్న కంటే ముందు రావాలి.

3. ప్లాను చదవడం అందరికీ రాదు, ముగ్గు వస్తుంది

యాభైకి ఒకటి స్కేలులో గీసిన కాగితం చేతిలో పెట్టి "బాగుందా?" అంటే ఎవరైనా బాగుందనే అంటారు. అర్థం కాలేదని ఒప్పుకోవడం మర్యాద కాదు కదా. దివానియాలో తలలూపిన పెద్దమనుషుల్లో సగం మందికి ప్లాను చదవడం రాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. సిగ్గుపడాల్సిన పని లేదు. నాకు అరబ్బీ పద్యం చదవడం రాదు.

మన పల్లెల్లో ఇల్లు కట్టే ముందు మేస్త్రి ఏం చేస్తాడు? పునాది తీయబోయే చోట నేల మీద ముగ్గు పోస్తాడు. ఇంటివాళ్ళు ఆ గీతల మధ్య తిరిగి, "ఇక్కడ మంచం పడితే దారేది?" అని అడుగుతారు. కాలేజీలో నాకు ఎవరూ నేర్పని విద్య అది. ఒకసారి శ్లాబు పోసిన ఒక సైటులో, మా కొలీగ్ భార్య ఇచ్చిన ముగ్గు పిండి పట్టుకెళ్ళి కింది అంతస్తు గదులన్నీ అసలు కొలతలో గీశాను. కువైట్‌లో గాలి లేని పొద్దు చూసుకోవాలి. లేకపోతే ఇల్లంతా పక్క ప్లాటుకి ఎగిరిపోతుంది.

ఆ రోజు ఓనరు తన తల్లిని తీసుకొచ్చాడు. పెద్దావిడ చక్రాల కుర్చీలో ఉంది. తోసేది ఒక శ్రీలంక అమ్మాయి. గీతల మధ్య నెమ్మదిగా తోసుకుంటూ పోయి, స్నానాల గదిలోకి తిప్పింది. కుర్చీ తిరగలేదు. వెనక చక్రం ముగ్గు గీతని తుడుచుకుంటూ పక్క గదిలోకి పోయింది. ఆ అమ్మాయి భయపడి నా వంక చూసింది. పెద్దావిడ మాత్రం నవ్వి, చేతికర్రతో ఆ చెరిగిన చోటుకి అవతల నేల మీద ఇంకో గీత గీసింది. ఓనరు ఒక్క మాట మాట్లాడకుండా గోడ జరపమని సైగ చేశాడు.

చక్రాల కుర్చీ తిరగాలంటే నూట యాభై సెంటీమీటర్ల సున్నా కావాలని ఏ పుస్తకం చూసినా ఉంటుంది. నా ప్లానులో నూట ఇరవై ఉంది. ఆ కుటుంబం ఆ ప్లాను మీద రెండు సార్లు సంతకం పెట్టింది.

4. ఎక్కడ అడుగుతున్నావన్నదే సగం జవాబు

ఇది కొంచెం పొడుగు, ఎందుకంటే నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే.

ఒక కాంట్రాక్టు కంపెనీ తన కూలీలకి వసతి భవనం కట్టిస్తోంది. నేను అప్పటికి జ్ఞానోదయం అయినవాణ్ణి కదా, "ఉండబోయేవాళ్ళని అడగాల్సిందే" అని పట్టుబట్టాను. సరేనన్నారు. పాత క్యాంపు మెస్సులో నలభై మందిని కూర్చోబెట్టారు. తెలుగు, హిందీ, బెంగాలీ. ఎదురుగా నేను, పక్కన క్యాంపు బాసు. "మీకు ఏమేం కావాలి?" అని అడిగాను. "అంతా బాగుంది సార్." ఇంకోసారి అడిగాను. "సబ్ అచ్ఛా హై సాబ్." ఒక కుర్రాడు ఫ్యాను గురించి ఏదో అనబోయి, బాసు తల తిప్పగానే కూర్చున్నాడు. గంటలో అయిపోయింది. నలభై మందిని సంప్రదించామని రిపోర్టు రాశాం. అందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క నిజమూ లేదు.

అడగడం కుదిరిన చోటూ ఉంది. 1970ల్లో నార్వేలో ఇనుము, లోహ కార్మికుల సంఘం క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తతో కలిసి, ఫ్యాక్టరీల్లోకి వచ్చే కంప్యూటర్లు ఎలా ఉండాలో కార్మికులే చెప్పే పని మొదలుపెట్టింది. వాడేవాళ్ళతో కలిసి గీయడం అనే పద్ధతికి అక్కడే వేళ్ళున్నాయి. ఆ కార్మికుడి వెనక సంఘం ఉంది. మన కుర్రాడి వెనక ఏముంది? ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి. అది కఫీలు, అంటే పనికి పిలిపించిన యజమాని, చేతిలో ఉంటుంది. ప్రైవేటు కంపెనీ పనివాళ్ళకిచ్చే ఆర్టికల్ 18 వీసా మీద ఉన్నవాడిని వాడి బాసు పక్కన నిలబెట్టి నిజం చెప్పమనడం, కాళ్ళకి తాడు కట్టి పరిగెత్తమన్నట్టే.

ఆ శుక్రవారం సిటీలో మనవాళ్ళు కలుసుకునే మాలియాకి వెళ్ళాను. శుక్రవారం మాలియా అంటే కడప జిల్లా బస్టాండే. ఆ మెస్సులో చూసిన ముగ్గురు మనవాళ్ళు కనపడితే టీ తాగుదాం రమ్మన్నాను. రెండో టీకి నోళ్ళు విచ్చుకున్నాయి. ఎనిమిది మంది గదికి ఒకటే లైటు స్విచ్చి, తలుపు పక్కన. రాత్రి షిఫ్టువాడు వస్తే ఏడుగురికీ తెల్లారినట్టే. ఎండాకాలం జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా పదకొండు నుంచి నాలుగింటిదాకా బయట పని నిషేధం కాబట్టి పొద్దున నాలుక్కే బస్సు. అంటే మూడుంపావుకి నలభై మంది ఒకేసారి మొహాలు కడగాలి. మరుగుదొడ్లు సరిపోతున్నాయి, కుళాయిలు చాలడం లేదు. ఫోను ఛార్జింగులో పెట్టి పడుకుంటే పోతుంది, కాబట్టి ప్లగ్గు పెట్టె లోపల ఉండాలి, పెట్టెకి తాళం ఉండాలి. ఇవన్నీ దినార్లు తినేవి కావు. ఎవరూ అడగనివి, అంతే.

చివర్లో వాళ్ళలో పెద్దవాడు అన్నాడు: "డాబా మీది తలుపుకి తాళం ఎందుకేస్తారన్నా? పైన పడుకుంటారని ఏస్తారు. తాళంచెవి బాసు జేబులో. ఏదన్నా అయితే యాడికి పోవాల?" మా కొత్త భవనం డ్రాయింగులో డాబా తలుపు తప్పించుకునే దారి, ఆకుపచ్చ బాణం గుర్తుతో. తాళం డ్రాయింగులో కనపడదు. ఆ భవనానికి లోపలినుంచి తోస్తే చాలు తెరుచుకునే అడ్డకడ్డీ పెట్టించగలిగాం. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఒక్కటి చెప్పమంటే అదే చెబుతాను.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కూలీలు ఉంటున్న భవనం తగలబడినప్పుడు నేను రాజంపేటలో టీవీ ముందున్నాను. నలభై ఐదుగురు భారతీయుల శవాలు వాయుసేన విమానంలో కొచ్చికి వచ్చాయి. వాళ్ళలో ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. గదుల మధ్య అడ్డుగా పెట్టినవి తేలిగ్గా అంటుకునే పలకలని, మెట్ల నిండా పొగ కమ్మిందని, డాబా తలుపు తాళం వేసి ఉందని అధికారులు చెప్పారు. నేను టీవీ ఆపేశాను. ఆ టీకొట్టు మాట చాలాసేపు చెవిలో ఉంది.

5. మాట తీసుకో, పేరు వదిలెయ్

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే మిగతావి రాసే అర్హత లేదనిపించింది.

ఇంకో విల్లా. పాత ఇంట్లోనే కుటుంబం ఉంటోంది, కొత్తది గీస్తున్నాం. వంటింట్లో పనిచేసే తెలుగావిడని అడిగాను. వాషింగ్ మెషిన్ కింద ఉందనీ, తడి బట్టలు మూడంతస్తులు మోసి డాబా మీద ఆరేస్తుందనీ, నడుం పోతోందనీ చెప్పింది. మెషినే డాబా మీద పెడితే సరిపోయే విషయం. నేను సంబరంగా వెళ్ళి ఇంటామెతో అన్నాను: "మీ పనావిడే చెప్పింది, బట్టలు మోయలేకపోతోందట." ఇంటామె మొహం ఏమీ మారలేదు. "మంచి ఆలోచన" అంది. కొత్త ప్లానులో మెషిన్ డాబా మీదికి చేరింది.

రెండు నెలల్లో ఆవిడని ఇంటికి పంపేశారు. కారణం వేరే చెప్పారట. ఏజెంటు అప్పు ఇంకా తీరలేదని తర్వాత వాళ్ళ ఊరి మనిషి ద్వారా విన్నాను. నా మాట వల్లే అని రుజువు లేదు. రుజువు లేనంత మాత్రాన నాకు నిద్ర పట్టిందా అంటే, లేదు. ఇంటి పనివాళ్ళకి రోజుకి పన్నెండు గంటలకి మించి పని ఉండకూడదని, వారానికో రోజు సెలవు ఉండాలని 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. మంచి చట్టమే. నడుం నొప్పి అన్నందుకు ఇంటికి పంపకూడదని మాత్రం ఏ చట్టమూ రాయదు.

ఆ తర్వాత నుంచి నేను విన్నది ఏదైనా నా మాటగానే చెప్పాను. "ఇలాంటి ఇళ్ళలో మా అనుభవం ఏమిటంటే, మేడమ్..." అని. వాళ్ళ తెలివి దొంగిలించి నా పేరు మీద అమ్ముకున్నట్టే కదా అని ఒక కుర్ర ఆర్కిటెక్టు నన్ను నిలదీసింది. నిజమే, దొంగతనమే. పేరు రావడం వల్ల మేలు జరిగే చోట పేరు చెప్పు. ఇఖామా పోయే చోట దొంగవి అవ్వు.

6. ఒక్క బొమ్మే చూపిస్తే అవుననో కాదనో అంటారు

కువైట్ టవర్స్ సంగతి చూడండి. దేశానికి నీళ్ళ ట్యాంకుల పని స్వీడన్‌కి చెందిన వీబీబీ కంపెనీకి అప్పజెప్పారు. పుట్టగొడుగుల్లా చారలతో కనిపించే ట్యాంకులు వాళ్ళు కట్టినవే. ఆఖరి చోటు సముద్రం ఒడ్డున. అక్కడ మామూలు ట్యాంకు వద్దు, చూడముచ్చటైనది కావాలని అమీర్ కోరారు. ఆ బృందం పది రకాల డిజైన్లు తయారుచేసింది, వాటిలోంచి ఏరిన మూడు అమీర్ ముందుకు వెళ్ళాయి, ఒకటి నిలిచింది. డెన్మార్క్ వనిత మలీన్ బ్యోర్న్ గీసిన ఆ నీలి గోళాలు 1979లో జనానికి తెరిచారు. పెద్ద టవరు ఎత్తు 187 మీటర్లు. గోళాల అందం వెనక నీళ్ళ ట్యాంకు ఉందని ఇప్పటికీ చాలామంది సందర్శకులకి తెలియదు.

మూడు చూపిస్తే మనుషులు పోలుస్తారు. పోలుస్తున్నప్పుడు తమకేం కావాలో వాళ్ళ నోటే వస్తుంది. ఇరవై చూపిస్తే మాత్రం కళ్ళు తిరిగి రంగుల గురించి మాట్లాడతారు.

అలాగని పెన్సిలు అందరి చేతికీ ఇవ్వకూడదు. ఇబ్బంది చెప్పడం వాళ్ళ వంతు, దారి వెతకడం మన వంతు. అమరావతి ముచ్చట మనందరికీ తెలిసిందే. 2016లో రాజధాని డిజైన్ పోటీలో జపాన్‌కి చెందిన మాకీ సంస్థ గెలిచింది, తర్వాత వాళ్ళు పోయి నార్మన్ ఫోస్టర్ వాళ్ళు వచ్చారు, 2017లో సినిమా దర్శకుడు రాజమౌళి గారి సలహా కూడా తీసుకున్నారు. కువైట్‌లో శుక్రవారం కబుర్లన్నీ దాని మీదే. రాజమౌళి గారిని పిలవడం తప్పని నేననలేదు, ఆయన కన్ను పెద్దది. సచివాలయంలో ఫైళ్ళు మోసే అటెండరునీ, అర్జీ పట్టుకుని బస్సు దిగే ముసలమ్మనీ కూడా అదే టేబుల్ దగ్గరికి పిలవాలన్నాను. అందరూ నవ్వారు.

7. బలదియావాళ్ళనీ, ఫైరువాళ్ళనీ చివర్లో పిలవకు

బలదియా అంటే మునిసిపాలిటీ. వాళ్ళనీ, ఫైరువాళ్ళనీ శత్రువులనుకుని అంతా అయ్యాక డ్రాయింగులు పట్టుకెళతారు. చివర్లో అడిగితే "వద్దు" అనడం తప్ప వాళ్ళకి మాత్రం ఏం మిగులుతుంది? ఒక భవనంలో మెట్ల చోటు మార్చాల్సి వచ్చి మాకు రెండు నెలలు పోయాయి. మొదటి వారంలో చిత్తు గీత పట్టుకెళ్ళి టీ తాగి అడిగితే అరగంట పని. ఇంకా చెప్పాలంటే, ఏ భవనంలో ఏ తలుపుకి తాళం పడుతుందో అందరికంటే ఎక్కువ తెలిసింది వాళ్ళకే.

8. అడిగావు సరే, ఏం చేశావో పోయి చెప్పు

మనుషులకి అడగనందుకు వచ్చే కోపం కంటే అడిగి ఊరుకున్నందుకు వచ్చే కోపం ఎక్కువ. రెండోసారి నువ్వు వెళితే నీ టీ కూడా తాగరు.

ఆ వసతి భవనం ప్లాను ఖరారయ్యాక ఒక కాగితం తయారుచేశాను. ఎడమ వైపు అడిగినవి, కుడి వైపు అయినవీ కానివీ. తెలుగు నేను రాశాను. హిందీ, బెంగాలీ వేరేవాళ్ళ చేత రాయించాను. ఎవరి పేరూ లేదు. మంచం మంచానికీ లైటు: అయింది. పెట్టెలో ప్లగ్గు: అయింది. కుళాయిలు: ఆరు అడిగితే నాలుగు పెరిగాయి, పైపు సైజు చాలదు. గదికి నలుగురే ఉండాలి: కాలేదు, కంపెనీ ఒప్పుకోలేదు. ఆ చివరిది రాయొద్దని మా ముదీర్, అంటే మేనేజరు, అన్నాడు. అది రాయకపోతే మిగతావి ఎవరూ నమ్మరని నేనన్నాను. కాసేపు గొణిగి సంతకం పెట్టాడు.

దాన్ని పాత క్యాంపు మెస్సు తలుపు పక్కన అంటించారు. వారం తర్వాత వెళితే కాగితం మూలలు నూనె చేతులతో మరకలు పడి ఉన్నాయి, ఎవరో కింద పెన్నుతో ఒక బొమ్మ కూడా గీశారు. వాష్‌బేసిన్ పక్కన సబ్బు పెట్టుకునే గూడు. కొలతలతో సహా. క్యాంపు బాసు చూస్తుండగా మీటింగులో ఒక్కరూ నోరు విప్పని మెస్సులో, వేసినవాడి పేరు లేని డ్రాయింగు అది. చింపి జేబులో పెట్టుకుని ఆఫీసుకి తెచ్చి, ఉన్నదున్నట్టు ఎక్కించాను. అందులో నేను దిద్దాల్సింది ఏమీ లేదు.

మేనల్లుడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. మినిట్స్ రాశాడట, వెనక రెండో జాబితా కూడా రాశాడట, పదకొండు మంది తేలారట. వచ్చే వారం సైటులో శ్లాబు ఆరుతుంది, ముగ్గు పిండి ఎక్కడ దొరుకుతుంది మామా అని అడిగాడు. ఫర్వానియాలోనూ, మాలియాలోనూ మనవాళ్ళ కొట్లలో దొరుకుతుంది. సంక్రాంతికి ముందైతే ఇంకా తేలిక.